మన ఊరి కమ్మరి పేరేమిటి?

(సెక్టర్ 4, భిలాయ్)

ఇంగ్లండు పల్లెలలో ఒక మంచి అలవాటు ఉన్నది. వంద గడప గల చిన్న గ్రామమైనా సరే, దాని చరిత్రను ఒక విశ్రాంత ఉపాధ్యాయుడో, ఒక గుమాస్తానో కూర్చుని వ్రాసిపెడతాడు. చర్చి పాలన క్రింద ఉన్న అట్టి గ్రామాన్ని అక్కడ 'పారిష్' అంటారు. ఏ పారిష్ చరిత్ర తెరచినా విక్టోరియా రాణి కాలం (1837–1901) నాటి వృత్తుల పట్టిక ఒకటి తప్పక కనబడుతుంది. కమ్మరి ఎవరు, బండి చక్రాలు చేసేవాడెవరు, జోళ్ళు కుట్టేవాడెవరు, పిండిమర నడిపేవాడెవరు, దొర ఇంట అంట్లు తోమేది ఎవరి కూతురు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. ఇది ఆ చరిత్ర వ్రాసినవారి ప్రతిభ మాత్రమే కాదు. 1841 నుండి అక్కడి జనాభా లెక్కల గుమాస్తాలు ఇంటింటికీ తిరిగి పేరు పేరునా వ్రాసిన పుస్తకాలను ప్రభుత్వం దాచి ఉంచింది. 1851 లెక్కలలో ప్రతి మనిషీ ఏ పారిష్‌లో పుట్టాడో కూడా వ్రాశారు. వందేళ్ళు గడచిన పిమ్మట వాటిని ఎవరైనా తిరగవేసి చూసుకోవచ్చును.

ఈ సంగతి మా పఠన తరగతిలో చర్చకు వచ్చినప్పుడు ఒక యువ కార్మికుడు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. "అదే రాణి మననూ ఏలింది గదండీ, మరి మన ఊరి కమ్మరి పేరేమిటి?" అని అతడు అడిగాడు. ఆ తరగతిలో ఉన్నవారిలో అధికులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వచ్చిన కుటుంబాలవారు. తాతగారి పేరు చెప్పగలిగినవారు అందరూ. ముత్తాత పేరు చెప్పగలిగినవారు ఇద్దరు ముగ్గురు. అంతకు ముందరి తరం పేరు చెప్పగలిగినవారు ఎవరూ లేరు.

ప్రభుత్వం మన పల్లెలను గురించి ఏమీ వ్రాయలేదా అంటే, పుష్కలంగా వ్రాసింది. 1869లో కార్మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్ ప్రకటించాడు. బళ్ళారికి కెల్సాల్ 1872లో, నెల్లూరుకు బాస్వెల్ 1873లో, కడపకు గ్రిబుల్ 1875లో, గోదావరికి మారిస్ 1878లో, కృష్ణకు మెకంజీ 1883లో వ్రాశారు. కర్నూలు మాన్యువల్‌ను మాత్రం 1886లో మన తెలుగువాడే, నరహరి గోపాలకృష్ణమ సెట్టి వ్రాశాడు. ఈ గ్రంథాలలో నేలలు, నీళ్ళు, పంటలు, శిస్తులు, దేవాలయాలు, కులాలు అన్నీ ఉన్నవి. కమ్మరులు ఎందరో ఉన్నది. కమ్మరి పేరు మాత్రం ఉండదు. 1871లో మద్రాసు రాజధానిలో జనాభా లెక్కలు పద్ధతిగా తీశారు. డాక్టర్ కార్నిష్ దానిపై పెద్ద నివేదిక వ్రాశాడు. 1881 నుండి దేశమంతటా పదేళ్ళకొకమారు లెక్కలు జరిగాయి. కాని లెక్కకు అందిన పిమ్మట ఇంటింటి పట్టీలను భద్రపరచలేదు. ఇంగ్లండు కమ్మరికి పేరు మిగిలింది. మన కమ్మరికి కులం మిగిలింది. అతని శ్రమ అంకెలలోనికి ఎక్కి, అతడు ఎక్కకుండా పోయాడు.

ఇనాం కమీషన్ పట్టీలను కొందరు గుర్తు చేయవచ్చును. 1858లో మద్రాసు ప్రభుత్వం ఆ కమీషన్‌ను ఏర్పరచి మాన్యాలన్నింటినీ విచారించింది. ఆ రిజిష్టర్లలో మాన్యందారుల పేర్లు ఉన్నమాట నిజమే. కాని అది భూమిని గురించిన పుస్తకం. మాన్యం ఉన్న మనిషి భూమిని అంటిపెట్టుకొని దానిలోకి ప్రవేశించాడు. మాన్యం లేనివానికి అక్కడ చోటు లేదు.

అయినా ఆనాటి తెలుగు పల్లెలో వృత్తులు ఎట్లా నడిచేవో మనకు బాగానే తెలుసు. పన్నిద్దరు ఆయగాండ్రు అనే మాట మన పెద్దల నోట ఇంకా వినబడుతున్నది. రెడ్డి, కరణం, పురోహితుడు, తలారి, నీరుకట్టు, కంసాలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, వెట్టివాడు. ఊరిని బట్టి పట్టిక కొంచెం మారేది, పేర్లు మారేవి, సంఖ్య కూడా కొన్నిచోట్ల పన్నెండుకు మించేది. 1812లో బ్రిటిషు పార్లమెంటుకు సమర్పించిన ఐదవ నివేదికలో ఇట్టి పట్టికే ఒకటి ఉన్నది. దానిలో బడిపంతులు, పశువుల కాపరి, వైద్యుడు, నాట్యకత్తె, వాయిద్యగాడు కూడా చేరారు. మార్క్స్ తన 'పెట్టుబడి' గ్రంథంలో భారత గ్రామాన్ని వర్ణిస్తూ ఊరు పోషించే డజను మంది ఉద్యోగులను, వృత్తిదారులను లెక్కబెట్టింది కూడా ఇటువంటి పట్టికలను చూసే.

కమ్మరి పని సంగతి తీసుకుందాం. మేము పనిచేసేది ఉక్కు నగరంలో గనుక దానిపై మాకు కొంత పక్షపాతం ఉండటం సహజం. తొలకరికి ముందే ఊరిలోని నాగళ్ళ కర్రులన్నీ అతని కొలిమికి చేరేవి. అరిగిన కర్రుకు మొన సాగగొట్టటం, కొడవలికి కక్కులు వేయటం, గొడ్డలికి పదును పెట్టటం, గునపం, పార, గొలుసు, తలుపు గడియ అన్నీ అతని పనులే. తిత్తి ఊదేది భార్యో, కొడుకో. తిత్తికి తోలు పదును చేసి ఇచ్చేది మాదిగపల్లె. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే రోజున వడ్రంగి, కమ్మరి ఇద్దరూ కలిసి పనిచేయాలి. పిడకల మంటలో పట్టా ఎర్రబడి సాగినప్పుడు పటకార్లతో ఎత్తి చక్రం మీద దింపి, వెంటనే నీళ్ళు పోయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే కర్ర కాలిపోతుంది. తొందరపడితే పట్టా కూర్చోదు. ఈ పని ఇంగ్లండు పారిష్‌లోనూ అచ్చం ఇట్లాగే జరిగేది. వార్విక్‌షైర్ కమ్మరిని తెచ్చి బొబ్బిలి తాలూకా కొలిమి ముందు కూర్చోబెడితే భాష రాక ఇబ్బంది పడేవాడేమో గాని పని రాక ఇబ్బంది పడేవాడు కాదు.

తేడా అంతా ప్రతిఫలంలో ఉన్నది. ఇంగ్లండు కమ్మరి చేసిన పనికి పద్దు వ్రాసుకొని డబ్బు తీసుకొనేవాడు. మన కమ్మరికి పని పనికీ వెల లేదు. ఏడాది పొడుగునా చేసి, పంట నూర్చిన నాడు కళ్ళం దగ్గర 'మేర' తీసుకొనేవాడు. నాగలికి ఇన్ని కుంచాలని, ఇన్ని పనలని వాడుక. రైతు ధాన్యాన్ని గాదెకు చేర్చకముందే, రాశి మీదనే ఆయగాండ్ర వంతులు కొలిచేవారు. కొన్ని గ్రామాలలో దీనికి తోడు కొద్దిపాటి మాన్యం భూమి. మేము ఇప్పుడు ఉంటున్న ఈ ఛత్తీస్‌గఢ్ పల్లెలలో కూడా ఇటువంటి ఏర్పాటే ఉండేది. లోహార్, నాయీ, ధోబీ, పశువులు కాచే రావత్ ఏడాదికి ఇంత ధాన్యమని తీసుకొనేవారు. దీనిని ఇక్కడివారు పౌనీ–పసారీ అంటారు. తెలుగువారు తమ ఊరి మాట చెప్పుకొంటే ఛత్తీస్‌గఢీ సోదరులు వెంటనే అందుకోగలిగేది ఇందువల్లనే.

ఈ మేర విషయంలో రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నవి. రెండింటితోనూ మేము ఏకీభవించము.

ఒకటి, ఉగాది సభలలో తరచుగా వినబడేది. ఆనాటి పల్లె స్వయంపోషకమనీ, అందరూ అందరికీ కావలసినవారనీ, డబ్బు పిశాచం ప్రవేశించాకనే అంతా చెడిపోయిందనీ దాని సారాంశం. 1830లోనే మెట్‌కాఫ్ అనే దొర మన గ్రామాలను చిన్న చిన్న గణరాజ్యాలని మెచ్చుకొన్నాడు. మనవారు ఆ మెచ్చికోలును ఇంకా మెడలో వేసుకొని తిరుగుతున్నారు. పన్నెండుగురి పట్టికలో చివరివాడి పేరే 'వెట్టి' అని వారు మరచిపోతారు. అధికారి వస్తే మూటలు మోయాలి, కబురు తీసుకొని పొరుగూరికి పరుగెత్తాలి, కట్టెలు కొట్టాలి, పశువు చస్తే ఈడ్చుకుపోవాలి. అతని కొడుకుకు అదే పని. ఆ కొడుకు కొడుకుకూ అదే పని. పట్టికకు బయట ఉన్నవారి సంగతి మరీ ఘోరం. పొలంలో నిజంగా దుక్కి దున్నిన పాలేరు, ఉత్తరాంధ్రలో మనం కంబారి అనే మనిషి, ఆ పన్నెండుగురిలో లేనే లేడు. నాట్లు వేసిన స్త్రీ లేదు. రాట్నం వడికిన ముసలమ్మ లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఈ గ్రామ గణరాజ్యాల పొగడ్తను తీవ్రంగా ఖండించటానికి కారణం ఊరికే పుట్టలేదు. ఆయన ఆ ఊరిని వెలివాడ వైపు నుండి చూచినవాడు.

రెండవ అభిప్రాయం చదువుకొన్నవారిది. మేర అనేది రైతు దయతలచి వేసిన బిచ్చమనీ, ఆయగాండ్రు యాచకులతో సమానమనీ వారంటారు. ఇది చరిత్రకు విరుద్ధం. మేర హక్కు. రాశి కొలిచేటప్పుడు కమ్మరి తన తట్ట పట్టుకొని నిలబడేది అడుక్కోవటానికి కాదు, తన వంతు తీసుకోవటానికి. మిరాసి అని దానికి పేరుండేది. దానిని అమ్ముకోవటం, తాకట్టు పెట్టుకోవటం, అన్నదమ్ములు పంచుకోవటం కూడా కద్దు. ఒక హక్కును బిచ్చంగా మార్చి చెప్పటం యజమానులకు ఎప్పుడూ లాభమే. బోనస్ విషయంలో మనం ఎన్నేళ్ళుగా వింటున్న మాట ఇదే గదా! బోనస్ వేతనంలో భాగమా, పండుగ కానుకా అన్న వాదం కళ్ళం మీద నూటయాభై ఏళ్ళ క్రితమే మొదలైంది.

హక్కు నిజమే గాని, అది పండితేనే హక్కు. పంట పోయిన ఏట ఆయగాడికి కొలిచేందుకు రాశే ఉండదు. ఈ వ్యవస్థ లోపం 1876లో బయటపడింది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక మన రాయలసీమ పెద్దలు దానిని ధాత కరువు అంటారు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఎండిపోయాయి. కరువులో మొదట పని పోయేది వ్యవసాయ కూలీకి, ఆ వెంటనే చేతివృత్తులవారికి అని 1880 నాటి కరువు కమీషన్ కూడా ఒప్పుకొన్నది. రైతు బండి చేయించుకోడు, కుండ కొనడు, బట్ట నేయించుకోడు. ధాన్యం ధర ఆకాశానికి అంటినప్పుడు కమ్మరి చేతిలో డబ్బు లేదు. అతనికి ఎన్నడూ డబ్బు ఇవ్వలేదు గనుక. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు దర్బారు జరిపి విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని తగ్గించే పనిలో ఉన్నాడు. మగవానికి రోజంతా రాళ్ళు కొట్టి మట్టి మోసినందుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవారికి ఇంకా తక్కువ. ఈ తిండితో కష్టం చేసే మనిషి బ్రతకడని డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. జనాభా లెక్కలు వ్రాసిన కార్నిష్ ఈయనే. కొన్ని నెలల తరువాత మద్రాసులో కూలి కొంత పెరిగింది. బొంబాయి రాజధానిలో మాత్రం ఆకలితో ఉన్న ప్రజలే ఆ కూలికి పనిచేయమని కరువు శిబిరాల నుండి వేలాదిగా వెళ్ళిపోయారు. పూనా సార్వజనిక సభ వారి పక్షాన నిలబడింది. భారత కార్మికోద్యమ చరిత్ర బొంబాయి మిల్లులతో మొదలైందని వ్రాసేవారు ఈ సమ్మెను ఎందుకు వదిలివేస్తారో మాకు తెలియదు. ఆ కరువులో బ్రిటిషు ఏలుబడి క్రింది ప్రాంతాలలోనే సుమారు 55 లక్షల మంది మరణించారన్నది తరచుగా చెప్పే అంచనా. మద్రాసు నగరం మీదుగా పోయే బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగాన్ని త్రవ్వింది ఆ కరువు కూలీలే. గవర్నరు పేరు కాలువకు నిలిచింది.

కరువు ఒక్కటే కారణం కాదు. నరసాపురం దగ్గర మాధవాయపాలెం అనే ఊరు ఉన్నది. కంపెనీవారు అక్కడ కొన్న మెత్తని నూలు బట్టకు ఆ ఊరి పేరే పెట్టి 'మడపోలం' అన్నారు. విక్టోరియా కాలం వచ్చేసరికి మడపోలం లాంకషైర్ మరమగ్గాల మీద తయారవుతున్నది! ఊరి పేరు కూడా ఓడ ఎక్కి పోయింది. మగ్గం కంటె ముందు దెబ్బతిన్నది రాట్నం. సీమ నూలు చవకగా రావటంతో సాలెవాడు దానితో నేసుకొని కొంతకాలం నిలద్రొక్కుకొన్నాడు గాని, ఇంటింటా వడికే స్త్రీల సంపాదన నిశ్శబ్దంగా పోయింది. ఏ మాన్యువల్లూ దానిని వృత్తి నష్టంగా లెక్కించలేదు. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రపరచి వడికే పొందూరు స్త్రీల నైపుణ్యం నేటికీ మిగిలి ఉండటం ఒక మినహాయింపు.

ఇనుము సంగతి మరింత చెప్పుకోదగ్గది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కొరకు పర్షియా వర్తకులు వచ్చేవారు. మన 'ఉక్కు' అన్న మాటే దక్షిణాది నోళ్ళ నుండి పోయి ఇంగ్లీషులో 'వూట్జ్' అయింది. 1795లో లండన్ రాయల్ సొసైటీలో దానిపై పియర్సన్ ఒక పత్రమే చదివాడు. ఆ విద్య విక్టోరియా కాలంలో అడుగంటింది. సీమ ఇనుము రేవులలో దిగటం ఒక కారణం. అడవి మీద ఆంక్షలు మరొక కారణం. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత రక్షిత అడవిలో బొగ్గు కాల్చుకోవటం అనుమతికీ, రుసుముకూ లోబడిన పని అయింది. బొగ్గు లేని కొలిమి ఎట్లా నడుస్తుంది? ఇక్కడ మన ప్రక్కనే, దల్లీ–రాజహరా కొండల ఖనిజాన్ని గురించి 1887లో ప్రమథనాథ్ బోస్ ప్రకటించినప్పుడు, ఈ ప్రాంతంలో స్థానికులు చిన్న కొలుములలో ఇనుము తీస్తూనే ఉన్నారు. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఏ కొండ ఖనిజం ఇచ్చిందో ఆ కొండ ఖనిజాన్ని అగరియాలు వంటి వారు ఎరిగే ఉన్నారు. కనిపెట్టినవానిగా బోస్‌ను స్మరించుకోవటం న్యాయమే. కాని ఆయనకు ముందు ఆ రాతిని కరిగించినవారిలో ఒక్కరి పేరూ మనకు లేదు.

ఇంగ్లండు పల్లె మాత్రం స్వర్గం కాదు. అక్కడ ఉమ్మడి భూములకు కంచెలు వేసి పేదలను కూలీలను చేశారు. 1834 చట్టం తరువాత పని లేనివానికి వర్క్‌హౌస్ తప్ప గతి లేదు. అందులో భార్యాభర్తలను కూడా విడదీసేవారు. అదే 1834లో టాల్పడిల్ గ్రామంలో సంఘం పెట్టుకొన్నందుకు ఆరుగురు వ్యవసాయ కూలీలను ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపారు. కాని 1872లో కంచెలు కత్తిరించే కూలి అయిన జోసెఫ్ ఆర్చ్ వెల్స్‌బోర్న్‌లో ఒక చెట్టు క్రింద నిలబడి పిలిచితే వందలాది మంది వచ్చారు. ఆ ఏడాదే జాతీయ వ్యవసాయ కార్మిక సంఘం ఏర్పడింది. 1873లో ఆస్కాట్ గ్రామంలో సమ్మెకు తోడ్పడినందుకు 16 మంది స్త్రీలను జైలుకు పంపితే దేశమంతా అలజడి చెలరేగింది. 1885లో ఆర్చ్ పార్లమెంటు సభ్యుడైనాడు.

అదే కాలంలో మన పల్లెలో సంఘం ఎందుకు పుట్టలేదు? ధైర్యం లేక కాదు. కూలిడబ్బు ఇచ్చే ఒక్క యజమాని ఉన్నచోట పదిమంది కలవటం తేలిక. మేర తీసుకొనే పన్నెండుగురికి పన్నెండు వేరు వేరు లెక్కలు. ప్రతివాడూ తన క్రింద ఇంకొకడున్నాడని చూసుకొని ఊరట పొందాడు. చాకలి, మంగలి పని మాని ఊరిని దారికి తెచ్చిన సందర్భాలు లేకపోలేదు. కాని అంతకంటె ఎక్కువగా ఆ ఆయుధాన్ని పెద్దలే వాడుకొన్నారు: ఎవనినైనా వెలివేయాలంటే చాకలిని, మంగలిని ఆ ఇంటికి పోవద్దని ఆజ్ఞ! సమ్మె చేయగల చేతులను బహిష్కారానికి వాడటం మన గ్రామ వ్యవస్థ తెలివి. ఆ తెలివిని తిరుగగొట్టటానికి తెలంగాణలో 1940ల దాకా ఆగవలసి వచ్చింది. వెట్టికి ఎదురు నిలిచిన పోరాటంలో పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు ఇవాళ అందరికీ తెలుసు.

చట్టం కూడా ఒకే రాణి క్రింద రెండు విధాలుగా పనిచేసింది. పని మధ్యలో మానిన పనివానిని జైలుకు పంపే నేర శిక్ష ఇంగ్లండులో 1875లో తొలగింది. ఇక్కడ బయానా తీసుకొని పని మానిన వృత్తిదారును, కూలీని శిక్షించటానికి 1859లో చేసిన చట్టం 1925లో గాని రద్దు కాలేదు. యాభై ఏళ్ళ తేడా. 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం చేసి, పాత కట్టుబాటుకు కొత్త ముద్ర వేశారు. గ్రామోద్యోగం ఫలానా కుటుంబానికే అనటం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది 1960 డిసెంబరులో. ఆంధ్రప్రదేశ్‌లో మునసబు, కరణం పదవులు రద్దయింది 1984 జనవరిలో. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం నిర్వచనంలో నిషిద్ధ పద్ధతుల పేర్లు వరుసగా ఇచ్చారు: వాటిలో జీత, పాలేరు, వెట్టి అన్న మాటలు ఉన్నవి. మన భాష మాటలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కిన తీరు ఇది.

అయితే ఆ కాలంలో మన పల్లెవాసి పేరును సామ్రాజ్యం శ్రద్ధగా వ్రాసుకొన్న చోటు ఒకటి ఉన్నది. 1860 నవంబరులో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి కూలీలతో నేటాల్ చేరింది. 1911 వరకు అట్లా దక్షిణాఫ్రికాకు పోయినవారు 1,52,000కు పైగా. ఆ ఓడల పట్టీలలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు వ్రాశారు. ఆ పట్టీలు నేటికీ ఉన్నవి. వాటిని చూచి దక్షిణాఫ్రికా తెలుగువారు తమ ముత్తాతల ఊళ్ళు వెదుక్కొంటున్నారు. ఊరిలో ఉండి కొలిమి ఊదినంతకాలం పేరు అక్కరలేకపోయింది. చెరకు తోటకు అప్పగించిన సరుకు జాబితాలో పేరు కావలసి వచ్చింది.

ఓడ ఎక్కనివారు పనిని వెదుక్కొంటూ నేల మీద కదిలారు. 1847–1852 మధ్య గోదావరి ఆనకట్ట కట్టినప్పుడు ధవళేశ్వరం వర్కుషాపులో పల్లె కమ్మరులు, వడ్రంగులు రోజుకూలికి చేరారు. మేర నుండి కూలికి మారిన తొలి తరం అదే అనవచ్చును. 1890లలో తూర్పు తీరపు రైలుమార్గం వచ్చాక వాల్తేరు, ఆ పిమ్మట ఖరగ్‌పూర్, టాటానగర్. ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల 1927 సమ్మెలో తెలుగువారి పాత్ర, వి.వి. గిరి నాయకత్వం మన సంఘ చరిత్రలో చేరినవే. 1931లో విజయనగరం–రాయపూర్ రైలు దారి పూర్తయింది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించే నాటికి ఆ దారి వెంబడి వచ్చిన మనవారు ఇక్కడ ఖలాసీలుగా, రిగ్గర్లుగా, ఫిట్టర్లుగా ఉన్నారు. సెక్టర్ 4 క్వార్టర్లలో కాపురాలు పెట్టారు.

వారి సర్వీసు పుస్తకాన్ని మేము గౌరవంతో చూస్తాము. పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి, జీతం ఒకే పుస్తకంలో, స్వంత హక్కుగా, వ్రాయబడటం మనలో ఎన్నో కుటుంబాలకు అదే మొదలు. పుట్టిన తేదీ మాత్రం చాలామందికి జులై 1. ఏ గుమాస్తాకు తోచిన ఉపాయమో గాని, అంతమంది తల్లులు ఒకేరోజు ప్రసవించి ఉండరు!

ఆ పుస్తకం లేని కార్మికుల సంఖ్య ఇప్పుడు పెరుగుతున్నది. ఇది ఏ ఒక్క కర్మాగారం మాట కాదు, దేశంలోని భారీ పరిశ్రమలన్నింటి మాట. పదిహేనేళ్ళుగా ఒకే గేటు గుండా పోయి ఒకే యంత్రం దగ్గర పనిచేసిన కాంట్రాక్టు కార్మికుడు, కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్తవాడవుతాడు. గేటు పాసు మారుతుంది, పాత కాలం లెక్కకు రాదు. ప్రమాదం జరిగిననాడు అతడు ఎవరి మనిషి అన్న విచారణతోనే మొదటి రోజు గడచిపోతుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన లేబర్ కోడ్‌లపై కార్మిక సంఘాల అభ్యంతరాలు అనేకం. వాటిని ఇక్కడ తిరిగి చెప్పము. కాని వృత్తి భద్రత కోడ్‌లో ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన ఒకటి ఉన్నది. మనకు నచ్చని చట్టంలోని నచ్చిన వాక్యాన్ని పట్టుకోవటం తప్పు కాదు. కాంట్రాక్టు కార్మికులు ఆ పత్రాన్ని లిఖితపూర్వకంగా అడగాలి, మన శాఖలు అడిగించాలి. పత్రంలో పేరు, పని, చేరిన తేదీ, వేతనం సరిగా ఉన్నాయో లేదో చదివి చెప్పటం చదువుకొన్న సభ్యుల బాధ్యత.

చేతివృత్తుల పేరిట 2023 సెప్టెంబరు 17న ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం మొదలైంది. కమ్మరం, వడ్రంగం, కుమ్మరం, మంగలి పని, బట్టలుతుకుట వంటి 18 వృత్తులకు శిక్షణ, 15,000 రూపాయల పనిముట్ల సాయం, తక్కువ వడ్డీ అప్పు ఇస్తారు. పనివాని చేతికి పనిముట్టు అందటాన్ని మేము వ్యతిరేకించము. మాకు మింగుడుపడనిది దాని భాష: కుటుంబ సంప్రదాయం, గురుశిష్య పరంపర. కమ్మరి కొడుకు కొలిమికే రావాలని ఎవరు కోరుకొంటున్నారు? తమిళనాడు ప్రభుత్వం ఈ కారణం చూపి ఆ పథకాన్ని నిరాకరించి, కులంతో నిమిత్తం లేని వేరు పథకం పెట్టుకొన్నది. ఆ వాదనలో న్యాయం ఉన్నది. మురుగు కాలువలో దిగే పనికి మాత్రం ఏ పథకమూ అక్కరలేకుండానే ఇప్పటికీ వంశపారంపర్యం నడుస్తున్నదన్న సంగతి ఏ టౌన్‌షిప్‌లోనైనా ఉదయాన్నే లేచి చూచేవారికి తెలుస్తుంది.

ఇక ఆ యువకుని ప్రశ్నకు సమాధానం మాన్యువళ్ళలో దొరకదు. మన పెద్దల వద్ద కొంత దొరకవచ్చును. 1950లలో, 60లలో పనికి వచ్చినవారు ఇప్పుడు ఎనభై దాటినవారు, వారిలో చాలామంది పోయారు కూడా. ఉన్నవారిని అడిగి వ్రాసి పంపవలసిందిగా సభ్యులను కోరుతున్నాము. తాత పేరు, నాయనమ్మ పేరు, వారి తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తాలూకా, చేసిన పని, వాడిన పనిముట్ల పేర్లు, ఏడాదికి ఎన్ని కుంచాల మేర వచ్చేది, డబ్బుకూలి ఎప్పుడు మొదలైంది, ఊరు విడిచింది ఏ సంవత్సరంలో, ఎందుకు అన్నవి వ్రాయండి. ఆడవారు చేసిన పనిని విడిగా వ్రాయండి. 'ఇంటి పని' అని వదిలివేయవద్దు. వెట్టి చేసిన కుటుంబాలవారు సంకోచించవలసిన అవసరం లేదు, సిగ్గుపడవలసింది చేయించుకొన్నవారు. కాగితం మీద పెన్సిలుతో వ్రాసినా తీసుకొంటాము, వ్రాయలేనివారు చెబితే మా కార్యకర్తలు ఇంటికి వచ్చి వ్రాసుకొంటారు. అనుమతి ఇచ్చినవారి వివరాలను ఈ పత్రికలో వరుసగా ప్రకటిస్తాము.